కూతకు ముందు ఊపిరి



కబడ్డీ ఆడినవాళ్ళకే కాదు, గ్రౌండు పక్కన నిలబడి చూసినవాళ్ళకు కూడా ఈ సంగతి తెలిసే ఉంటుంది. రోజూ సాయంత్రం కాలేజీ గ్రౌండులో ఏడుగురి మధ్యకు వెళ్ళి, ఇద్దర్ని తాకి నవ్వుతూ తిరిగొచ్చే కుర్రాడు, ఒంగోలులో ఇంటర్ కాలేజియేట్ పోటీలనేసరికి మనిషి మారిపోతాడు. మధ్య గీత దాటుతాడు గానీ అక్కణ్ణుంచి కాలు ముందుకు పడదు. కూత సన్నబడుతుంది. ముప్పై సెకన్లు ఇట్టే అయిపోతాయి. వెనక్కి వచ్చాక వాడికి బెంచీ మీంచి వినపడే మాట ఒకటే: "ఏరా, భయపడ్డావా?"

ఏం చెబుతాడు పాపం! భయపడ్డాననీ అనలేడు, పడలేదనీ అనలేడు. దండీలు నేర్పాం, బస్కీలు తీయించాం, తెల్లవారుజామున నాలుగు రౌండ్లు పరుగెత్తించాం. బోనస్ గీత దగ్గర కాలు ఎలా పెట్టాలో చూపించాం. గుండె దడదడలాడేటప్పుడు ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. ఆఖరి నిమిషంలో వీపు మీద చరిచి "ధైర్యంగా ఆడు" అని పంపించాం. ఆ మాట నిజానికి కోచింగ్ కాదు, దీవెన. దీవెనను తప్పు పట్టను గానీ, దానితో పాటు ఇవ్వాల్సిన పాఠం ఒకటుంది. ఈరోజు నేను మాట్లాడబోయేది ఆ పాఠం గురించే.

బేస్తవారిపేట, రాచర్ల, కంభం, గిద్దలూరు, ఇటు మార్కాపురం దాకా మన వైపు బండలాగుడు పోటీలంటే జనానికి ఎంత మోజో మీకు తెలుసు. పోటీకి ఎడ్లను తీసుకెళ్ళే రైతును గమనించండి. మేత ఒక్కటీ చూసుకుని ఊరుకోడు. ముందునుంచే బండ కట్టి తిప్పుతాడు. ఈలలకూ డప్పులకూ ఎద్దు బెదరకుండా అలవాటు చేస్తాడు. బరిలోకి దిగిన రోజున అది కొత్తగా అదిరిపోకూడదని ఆయన జాగ్రత్త. నోరులేని ఎద్దుకు చేసే ఈ ఏర్పాటు, నోరున్న మన పిల్లవాడికి చెయ్యకపోతే ఎలా?

పైగా మన ప్రాంతంలో ఆట ఉత్త సరదా కాదు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసిన మెట్ట నేల ఇది. పనుల కోసం హైదరాబాదుకో బెంగళూరుకో వలస పోయే కుటుంబాలు ఎన్నో. అలాంటి ఇంట్లో ఒక సర్టిఫికెట్ అంటే ఒక దారి. రాష్ట్ర ప్రభుత్వం కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. 2025 మెగా డీఎస్సీలో 421 పోస్టులు ఆ కోటాకే కేటాయించారు. మంచిదే, సంతోషించాల్సిందే. కానీ కూతకు వెళ్ళే కుర్రాడి భుజం మీద ఇప్పుడు కాలేజీ పరువుతో పాటు ఇంటి అప్పు, చెల్లెలి చదువు కూడా ఎక్కి కూర్చుంటున్నాయి. అంత బరువుతో ఎదుటి ఆటగాడి కాలు ఎటు కదులుతోందో వాడికి ఏం కనిపిస్తుంది?

మన వైపు కాలేజీ పిల్లలకు చెప్పదగ్గ కథ ఒకటుంది. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ. నాన్న సెక్యూరిటీ గార్డు. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయాల అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. ఆమె ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున నూరు మీటర్ల హర్డిల్స్ పరుగెత్తింది. ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం రాకముందు అప్పటి ప్రకాశం జిల్లాలో మన కాలేజీలూ ఆ నాగార్జున కిందే కదా ఉండేవి. అంటే మన యూనివర్సిటీ అమ్మాయే.

ఆరోజు ఆమె 13.03 సెకన్లలో గీత దాటింది. అప్పటికి జాతీయ రికార్డు 2002లో అనూరాధా బిశ్వాల్ పెట్టిన 13.38. దాన్ని దాటేసినట్టే. కానీ రికార్డుగా ఒప్పుకోలేదు. డోపింగ్ పరీక్ష జరగలేదనీ, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరనీ కారణాలు. ఇందులో ఆ పిల్ల తప్పేముంది? ఆమె పని పరుగెత్తడం, పరుగెత్తింది.

2022 ఏప్రిల్‌లో కోళికోడ్ ఫెడరేషన్ కప్పులో 13.09 వచ్చింది. అదీ చెల్లలేదు. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు దాటకూడదని నియమం. ఆరోజు వీచింది 2.1. ఆ తర్వాత మే 10న సైప్రస్ దేశంలోని లిమసోల్‌లో 13.23తో జాతీయ రికార్డు ఆమె పేరున ఎక్కింది. చిత్రం చూడండి, మునుపటి రెండు పరుగులకంటే మెల్లగా వచ్చిన రోజున రికార్డు చేతికందింది. అదే ఏడాది అక్టోబరులో గాంధీనగర్ జాతీయ క్రీడల్లో 12.79. ఒక భారతీయ మహిళ 13 సెకన్ల లోపు పరుగెత్తడం అదే మొదలు. మళ్ళీ గాలే అడ్డొచ్చింది. అదే నెలలో బెంగళూరులో 12.82 తీసింది. ఈసారి గాలి నియమం లోపలే ఉంది, లెక్కకొచ్చింది. 2023 ఆగస్టులో చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కాంస్యం. అంటే విద్యార్థుల పోటీలోనే మళ్ళీ జాతీయ రికార్డు.

ఇక అసలు పరీక్ష 2023 అక్టోబరు 1న, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్. తుపాకి పేలకముందే పక్క లేనులో ఉన్న చైనా అమ్మాయి వూ యన్నీ కదిలింది. ఆ కదలికకు జ్యోతి కూడా లేచింది. అధికారులు జ్యోతికి రెడ్ కార్డు చూపించారు. ఆమె ఒప్పుకోలేదు. వీడియో చూడమని అక్కడే నిలబడి వాదించింది. చివరికి ఇద్దర్నీ పరుగెత్తనిచ్చి, తీర్పు తర్వాత చెబుతామన్నారు. పరుగులో ఆమె మూడోస్థానంలో వచ్చింది, 12.91. తర్వాత వూ యన్నీని అనర్హురాలిగా తేల్చారు, జ్యోతికి రజతం దక్కింది.

ఆ నిమిషాల్లో ఆమె మనసులో ఏం నడిచిందో మనం ఊహించి చెప్పుకోనక్కర్లేదు. బయటికి కనిపించినదే చాలు. పేరు కొట్టేశారని విన్న మనిషి, వేల మంది చూస్తుండగా పరాయి దేశంలో అధికారులతో వాదించిన మనిషి, మళ్ళీ వచ్చి వంగి బ్లాకుల్లో పాదాలు పెట్టాలి. ముందు పది హర్డిళ్ళు. ఒక్కోటి మొలెత్తుకు కాస్త తక్కువ. రెంటి మధ్య ఎనిమిదిన్నర మీటర్లు, మూడే అంగలు. ఒక్క అంగ తప్పితే తర్వాతదానికి కాలు తగిలి పడిపోవడమే. ఇందాకటి కోపాన్ని బ్లాకుల్లోకి తెచ్చుకుంటే అంగ కుదురుతుందా? తెచ్చుకోకుండా ఉండటం ఒక నైపుణ్యం. అది పుట్టుకతో వచ్చే వరం కాదు, అలవాటు చేస్తే వచ్చేది.

జ్యోతి వెనక ఆ రోజుల్లో భువనేశ్వర్ శిక్షణ కేంద్రం ఉంది, జేమ్స్ హిల్లియర్ అనే కోచ్ ఉన్నాడు. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ 2024 డిసెంబరులో సింగపూర్‌లో చదరంగం ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు, ఆ మ్యాచ్‌కు అతని మనసును సిద్ధం చేసినవాడు పాడీ అప్టన్. 2011లో క్రికెట్ ప్రపంచ కప్ గెలిచిన మన జట్టుకు మానసిక శిక్షకుడుగా ఉన్నదీ ఆయనే. గుకేశ్ మొదటి గేమే ఓడిపోయాడు. పన్నెండోది కూడా ఓడిపోయాడు. పద్నాలుగో గేములో గెలిచాడు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు!

మన కాలేజీలు పాడీ అప్టన్‌లను తెచ్చుకోలేవు, నిజమే. కానీ అమెరికాలో మనసును సిద్ధం చేసే ఈ విద్య మొదలైంది పెద్ద పెద్ద స్టేడియాల్లో కాదు, కాలేజీ గ్రౌండులోనే. 1925లో అక్కడి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కోల్మన్ గ్రిఫిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త క్రీడాకారుల మీద పరిశోధనకు ఒక ప్రయోగశాల పెట్టాడు. ఆయన ముందున్నది ఆ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టే. మరుసటేడు కోచ్‌ల కోసం పుస్తకమే రాశాడు. 1932లో డబ్బుల్లేక ప్రయోగశాల మూతపడింది. అక్కడ రెడ్ గ్రాంజ్ అని ఒక మహా ఆటగాడు ఉండేవాడు. 1924లో మిషిగన్ విశ్వవిద్యాలయ జట్టు మీద మొదటి పన్నెండు నిమిషాల్లో నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. తర్వాత గ్రిఫిత్ అడిగితే, ఆ పరుగుల వివరం ఒక్కటీ గుర్తులేదన్నాడట. మన కబడ్డీ కుర్రాణ్ణి అడగండి, "ఎట్లా తప్పించుకున్నావురా?" అని. "తెలీదు సార్, వచ్చేశా" అంటాడు. రెండూ ఒకటే జవాబు.

బాగా వచ్చిన పని చేతికీ కాలికీ వచ్చి ఉంటుంది, తలను అడగదు. ఒత్తిడి పెరిగినప్పుడు తల మధ్యలో దూరుతుంది. కాలు ఎక్కడ పెడుతున్నాను, చెయ్యి ఎక్కడుంది, జారితే ఏమంటారు, అని లెక్కలు మొదలుపెడుతుంది. అప్పుడు రోజూ దానంతటది జరిగే పని ముక్కలు ముక్కలైపోతుంది. వాలీబాల్‌లో సర్వీసు నెట్‌కు తగలడం, షటిల్‌లో చేతిలోని పాయింటు పోగొట్టుకోవడం, కూతలో కాలు కొయ్యబారడం, అన్నీ ఇక్కణ్ణుంచే. పిల్లవాడు పిరికివాడు అయినందువల్ల కాదు. మరీ జాగ్రత్తపడినందువల్ల.

మరి పీడీ సార్లు, అంటే కాలేజీల ఫిజికల్ డైరెక్టర్లు, ఏం చెయ్యవచ్చు? పైసా ఖర్చు లేని పని ఒకటి చెబుతాను. సాయంత్రం ప్రాక్టీసు అయిపోవచ్చింది, పిల్లలు అలసిపోయారు. అప్పుడు అందర్నీ గీతల చుట్టూ నిలబెట్టండి. స్కోరు 28–29, ఒక్క నిమిషమే ఉంది, ముందు రెండు కూతలూ ఖాళీగా వచ్చాయి, ఇది డూ ఆర్ డై అని చెప్పండి. ప్రో కబడ్డీ పుణ్యమా అని ఆ మాట పిల్లలందరికీ తెలుసు. చుట్టూ ఉన్నవాళ్ళను గోల చెయ్యమనండి, ఎగతాళి చెయ్యమనండి. వాణ్ణి కూతకు పంపండి. ఓడిపోతే తిట్టొద్దు. "గీత దాటే ముందు ఏం చూశావు?" అని మాత్రం అడగండి. మొదట్లో "ఏమీ చూళ్ళేదు సార్" అంటాడు. కొన్నాళ్ళకు "ఎడమ కార్నర్ వాడు బరువంతా ముందు కాలి మీద వేశాడు సార్" అంటాడు. ఈ రెండో జవాబు వచ్చిన రోజున వాడికి శిక్షణ అబ్బినట్టు.

గీత దాటే ముందు ఒక చిన్న పద్ధతి పెట్టుకోమనండి, ఎప్పుడూ అదే వరుసలో. నేలను తాకాలి. ముక్కుతో ఊపిరి తీసి, తీసినదానికంటే నిదానంగా వదలాలి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అది ఒంటి ధర్మం. ఆ తర్వాత మనసులో ఒకే ఒక మాట: "ఎడమ కార్నర్." అంతే, వెళ్ళిపోవాలి. ఇది మొక్కుబడి కాదు, మూఢనమ్మకం అంతకన్నా కాదు. తలకు ఒక పని అప్పగించి, మిగతాది కాళ్ళకు వదిలేయడం. కబడ్డీ ఊపిరి ఆట కదా. ఊపిరి కుదురుగా లేనివాడి కూత మొదటి పది సెకన్లలోనే తేలిపోతుంది.

ఇంకొక సంగతి, మనం అరిచే అరుపులు. "జారొద్దురా!", "సర్వీసు నెట్‌కు కొట్టొద్దు!" అంటాం. విన్న పిల్లవాడి బుర్రలో మెదిలేది జారడమే, నెట్టే. ఏం చెయ్యకూడదో కాక, ఏం చెయ్యాలో చెప్పండి. "పాదం నేలకి", "వెనక మూలకి". రెండు మాటలు చాలు. కాలేజీ స్థాయి కోచింగ్‌లో అన్నిటికన్నా తేలిగ్గా మార్చుకోగలిగింది ఇదే. అయినా మనం మార్చుకోం, గొంతు పెంచితే పని జరుగుతుందని మనకు ఎవరో నేర్పారు.

ఇక్కడిదాకా గ్రౌండులో పని. గ్రౌండుతో తీరనివి కొన్ని ఉంటాయి.

మోకాలి లిగమెంటు తెగి ఆరు నెలలు కూర్చున్న కుర్రాడు ఉంటాడు. నిన్నటిదాకా అందరూ పేరుపెట్టి పిలిచేవాళ్ళు, ఇప్పుడు గ్రౌండు పక్కన నీళ్ళ సీసాలు అందిస్తున్నాడు. "ఆటగాణ్ణి కాకపోతే నేనెవర్ని?" అన్న ప్రశ్న వాణ్ణి రాత్రి నిద్రపోనివ్వదు. పెళ్ళి మాటలు మొదలయ్యాక ఆట మానేయమన్న అమ్మాయి ఉంటుంది. పొట్టి నిక్కరేమిటని ఇంట్లో, బయట కూడా మాటలు పడే అమ్మాయి ఉంటుంది. శిక్షణ పేరుతో ఒంటి మీద చెయ్యి వేసేవాణ్ణి గురించి ఎవరికి చెప్పాలో తెలియని అమ్మాయి ఉంటుంది. వీళ్ళకు ఊపిరి పాఠం చాలదు. వినే మనిషి కావాలి, విన్నది బయటికి పోనివ్వని మనిషి కావాలి. కౌన్సెలర్ పని అది. సెలక్షన్ చేసే పీడీ సారుకే పిల్ల తన మనసు ఎలా విప్పుతుంది? చెబితే జట్టులోంచి తీసేస్తారని భయం. అందుకే ఈ రెండు పనులూ ఒకే మనిషి చెయ్యకూడదు. పీడీ సారు ఎంత మంచివాడైనా సరే.

2025 అక్టోబరు 30న నవీ ముంబైలో మహిళల క్రికెట్ ప్రపంచ కప్ సెమీఫైనల్ చూశారు కదా. ఆస్ట్రేలియా పెట్టిన 339 పరుగుల లక్ష్యం, జెమీమా రోడ్రిగ్స్ 127 నాటౌట్. మ్యాచ్ అయ్యాక ఆమె దాచుకోకుండా చెప్పింది. టోర్నీ మొదట్లో తాను ఆందోళనతో నలిగిపోయాననీ, అమ్మకు ఫోన్ చేసి ఏడ్చేదాన్ననీ. దాదాపు రోజూ తాను ఏడుస్తుంటే ఎదురుగా ఉన్నది అరుంధతి రెడ్డి అనీ చెప్పింది. అరుంధతి మన హైదరాబాదు అమ్మాయి. ఆ రాత్రి స్కోరు బోర్డులో ఆమె పేరు లేదు. మూడు రోజులకు ఫైనల్ గెలిచిన జట్టులో మన పొరుగు కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి కూడా ఉంది. ఆ జట్టును పొగిడేవాళ్ళు శతకాలూ వికెట్లూ చెబుతారు. నేనైతే ఏడుస్తున్న స్నేహితురాలి దగ్గర కూర్చున్న అరుంధతిని కూడా లెక్కవేస్తాను. మీ జట్టులో కూడా అలాంటి ఒకరుండాలి. హాస్టల్లో పక్క మంచం మీద ఉన్నవాడు రెండు వారాలుగా సరిగ్గా తినడం లేదు, నిద్రపోవడం లేదు, గ్రౌండుకు రమ్మంటే ఏదో ఒక సాకు చెబుతున్నాడు, బతికి ఏం లాభమంటున్నాడు. అప్పుడు "ఊరికే అంటున్నాడులే" అని వదిలెయ్యకండి. ఒంటరిగా వదలకుండా, సాయం చేయగల మనిషి దగ్గరకు మీరే తీసుకెళ్ళండి.

ఇవి కోరికలు మాత్రమే కావు, ఇప్పుడు చట్టం మాట కూడా. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరిని పెట్టుకోవాలి. అంతకంటే చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. ప్రభుత్వాలు చట్టం తెచ్చేదాకా ఇవి అమల్లో ఉంటాయి. మీ కాలేజీలో నూరుమంది ఉన్నారా? ఉంటే ఆ మనిషి ఎవరు, ఏ గదిలో, ఏ రోజున కూర్చుంటారు? ప్రిన్సిపాల్ గారిని అడగండి. మర్యాదగానే అడగండి, కానీ అడగండి. మన వైపు చాలా ఊళ్ళ నుంచి ఒంగోలుకు నూరు కిలోమీటర్ల పైమాటే. నిపుణులంతా అక్కడో గుంటూరులోనో ఉంటే ఇక్కడి పిల్లకు ఒరిగేదేముంది? ఒక్కో కాలేజీకి ఒక్కరు దొరక్కపోతే గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, మార్కాపురం కాలేజీలు కలిసి ఒకరిని పెట్టుకుని వారంలో రోజుకో ఊరు తిప్పవచ్చు. యూనివర్సిటీ పోటీలు జరిగే రోజుల్లో ఆ మనిషిని గ్రౌండులోనే ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టవచ్చు.

అందాకా, వింటున్న పిల్లలకూ తల్లిదండ్రులకూ ఒక నంబరు చెబుతాను, రాసుకోండి. టెలీ మానస్, 14416. మళ్ళీ చెబుతున్నాను, ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన సేవ. పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బులు అడగరు, తెలుగులో మాట్లాడవచ్చు. పీడీ సార్లూ, ఈ నంబరును గ్రౌండు గోడ మీద, స్కోరు రాసే బోర్డు పక్కనే, పెద్ద అక్షరాలతో రాయించండి.